పార్లమెంటా, అధ్యక్షుడా? పాలనా వ్యవస్థను ఎంచుకోవడం ఎలా

రాజనీతి శాస్త్రంలో చేరిన కొత్తలో విద్యార్థులకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది: కొత్తగా ఏర్పడిన దేశానికి మీరే రాజ్యాంగం రాయాల్సి వస్తే ఏ వ్యవస్థను ఎంచుకుంటారు, ఎందుకు? చాలామంది జవాబు ఒకేలా ఉంటుంది. పార్లమెంటరీ పద్ధతికి ఆరు లాభాలు, ఆరు నష్టాలు. అధ్యక్ష తరహా పద్ధతికి మళ్లీ అన్నే. ఆఖర్న, ఏదైనా నడిపేవాళ్ల చేతిలోనే ఉంటుందన్న మాట. అందులో తప్పేమీ లేదు గానీ ఎంపిక మాత్రం జరగలేదు. నడిపేవాళ్లు మంచివాళ్లయితే ఏ వ్యవస్థయినా నడుస్తుంది. వాళ్లు మంచివాళ్లు కాకపోతే ఏం చేయాలన్న దాని కోసమే రాజ్యాంగం రాసుకునేది.

అందుకే లాభనష్టాల పట్టికను పక్కన పెట్టి, ప్రతి వ్యవస్థనూ రెండే ప్రశ్నలు అడగమంటాను. అధికారంలో ఉన్నవాళ్లను గడువు తీరకముందే దించాలంటే ఏం చేయాలి? అధికారంలో ఉన్న ఇద్దరు తగవు పడితే ఆఖరి మాట ఎవరిది? వీటికి జవాబు వెతికితే మిగతా తేడాలు చాలావరకు వాటంతటవే బయటపడతాయి.

ముందు పేర్ల సంగతి

రాచరికమా, గణతంత్రమా అన్నది మొదట్లో చాలా పెద్ద తేడాలా కనిపిస్తుంది. ఇవాళ అది ఆఖర్న చూసుకోవాల్సిన విషయం. బ్రిటన్, స్వీడన్, నార్వేలకు రాజులున్నారు, జపాన్‌కు చక్రవర్తి ఉన్నారు. పాలించేది మాత్రం చట్టసభకు జవాబు చెప్పుకునే మంత్రిమండలి. తూర్పు జర్మనీ తన అధికారిక పేరులోనే ‘ప్రజాస్వామ్య గణతంత్రం’ అని పెట్టుకుంది. అక్కడ స్వేచ్ఛగా తొలి పార్లమెంటు ఎన్నిక జరిగింది 1990 మార్చిలో, ఆ దేశం కనుమరుగయ్యే ఏడాదిలో.

కాగితం మీది హక్కుల సంగతీ ఇంతే. 1936 నాటి సోవియట్ రాజ్యాంగంలో 125వ అధికరణ వాక్ స్వాతంత్ర్యం, పత్రికా స్వాతంత్ర్యం, సభలు జరుపుకునే స్వాతంత్ర్యం ఇచ్చింది. ఆ తర్వాతి రెండేళ్లలో ఆ దేశ ప్రభుత్వమే ఆరు లక్షల మందికి పైగా పౌరులకు మరణశిక్షలు అమలు చేసింది. హక్కుల జాబితాలో లోటు లేదు. ప్రభుత్వానికి ‘కుదరదు’ అని చెప్పగల కోర్టు లేదు, దాన్ని ఓడించగల ఎన్నిక లేదు. చైనాలో 2018లో అధ్యక్షుడి పదవీకాల పరిమితిని ఎత్తేసే సవరణకు జాతీయ ప్రజా కాంగ్రెస్‌లో అనుకూలంగా పడ్డ ఓట్లు 2,958, వ్యతిరేకంగా 2. సభ ఉందా అని అడిగితే ఉంది. అది పాలకుడిని కాదనగలదా అన్నదే మనక్కావాల్సిన ప్రశ్న.

అరిస్టాటిల్ తన కాలపు రాజ్యాలను విడదీసినప్పుడు ఎంతమంది పాలిస్తున్నారని అడిగి ఊరుకోలేదు, ఎవరి మేలు కోసం పాలిస్తున్నారని కూడా అడిగాడు. ఆ రెండో ప్రశ్నకు పాలకుల నోటి మాట సాక్ష్యం కాదు కాబట్టి, వాళ్లను దించే దారి ఉందా లేదా అన్నదాన్నే మనం సాక్ష్యంగా తీసుకోవాలి.

దించడం ఎంత సులువు?

1979 మార్చి 28 రాత్రి బ్రిటన్ దిగువ సభలో ఏం జరిగిందో చూడండి. జేమ్స్ కాలహన్ నాయకత్వంలోని లేబర్ ప్రభుత్వానికి అప్పటికే మెజారిటీ లేదు. ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. తీవ్ర అనారోగ్యంతో ఉన్న లేబర్ సభ్యుడొకరు సభకు రాలేకపోయారు. లెక్క తేలేసరికి ప్రభుత్వానికి వ్యతిరేకంగా 311, అనుకూలంగా 310. కాలహన్ ఎన్నికలకు వెళ్లక తప్పలేదు. మే 3న పోలింగ్, మర్నాడు మార్గరెట్ థాచర్ ప్రధాని. ఎవరి మీదా నేరం మోపలేదు, విచారణ జరపలేదు. సభకు నమ్మకం పోయింది, ప్రభుత్వం పోయింది. 1999 ఏప్రిల్ 17న భారత లోక్‌సభలో వాజపేయి ప్రభుత్వం 269–270తో పడిపోయినప్పుడూ ఇదే సూత్రం పనిచేసింది.

అమెరికాలో నమ్మకం పోయిందంటే చాలదు. దేశద్రోహమో, లంచమో, మరో తీవ్రమైన అపరాధమో మోపాలి. ప్రతినిధుల సభ మెజారిటీతో అభిశంసించాలి, ఆపైన సెనేట్ విచారించి మూడింట రెండు వంతుల మెజారిటీతో దోషి అని తేల్చాలి. 1868లో ఆండ్రూ జాన్సన్ ఒక్క ఓటు తేడాతో బయటపడ్డాడు. 1999లో క్లింటన్, 2020లో, 2021లో ట్రంప్ నిర్దోషులుగా తేలారు. నిక్సన్ 1974లో తనంతట తానే రాజీనామా చేశాడు. ఇంతవరకు సెనేట్ దించిన అధ్యక్షుడు ఒక్కరూ లేరు. అసమర్థత అక్కడ నేరం కాదు. అసమర్థుడిని ఎన్నుకుంటే నాలుగేళ్లూ భరించాల్సిందే.

ఈ ఎంపికను అతి స్పష్టంగా చెప్పినవారిలో అంబేడ్కర్ ఒకరు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ, అమెరికా పద్ధతిలో స్థిరత్వం ఎక్కువ, జవాబుదారీతనం తక్కువ. బ్రిటిష్ పద్ధతిలో జవాబుదారీతనం ఎక్కువ, స్థిరత్వం తక్కువ అని వివరించారు. ఒకదాంట్లో ప్రజలు గడువుకోసారి లెక్క అడుగుతారు. రెండోదాంట్లో దానికి తోడు సభ్యులు ప్రశ్నలతో, తీర్మానాలతో, చర్చలతో రోజూ లెక్క అడుగుతారు. ముసాయిదా జవాబుదారీతనం వైపు మొగ్గిందని కూడా దాచకుండా చెప్పారు. విద్యార్థులు నేర్చుకోవాల్సింది ఈ పద్ధతే. రెండూ కావాలనలేదు, ఒకటి తీసుకుని, దానికోసం దేన్ని వదులుకుంటున్నామో బయటపెట్టారు.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. దీన్ని పాఠాల్లో త్వరగా దాటేస్తారు గానీ నా దృష్టిలో ఇది అన్నిటికన్నా ముఖ్యం. పై లెక్కంతా సభలో ఎవరికీ గట్టి మెజారిటీ లేనప్పుడే నిలుస్తుంది. ఒకే పార్టీకి భారీ మెజారిటీ వచ్చి, ఆ పార్టీ నాయకుడి చెప్పుచేతల్లో నడుస్తుంటే అవిశ్వాస తీర్మానం ఉన్నా లేనట్టే. విప్‌ను, అంటే ఇలా ఓటు వేయాలన్న పార్టీ ఆదేశాన్ని ధిక్కరించిన సభ్యుడి సీటే పోయేలా చట్టం ఉంటే మరీను. భారత్‌లో 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం అలాంటిదే. అప్పుడు ప్రధానికి అడ్డొచ్చేది సభ కాదు. సొంత పార్టీ, కోర్టులు, పత్రికలు, ఎగువ సభ, వచ్చే ఎన్నిక, అంతే. అదే అమెరికాలో అధ్యక్షుడి పార్టీ సభ్యులు ఆయన బిల్లును ఓడించినా ప్రభుత్వం పడిపోదు, కాబట్టి వాళ్లు కాస్త ధైర్యంగా ఓటు వేయగలరు. 2017 జూలైలో అంతకుముందటి ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేసే ప్రయత్నం సెనేట్‌లో 49–51తో వీగిపోయింది. అందుకు కారణం అధ్యక్షుడి పార్టీకే చెందిన ముగ్గురు సెనేటర్లు. అంటే గట్టి మెజారిటీ ఉన్న ప్రధాని, సభ తన చేతిలో లేని అధ్యక్షుడి కన్నా చాలా శక్తిమంతుడు. ‘అధ్యక్ష తరహా అంటే ఏకవ్యక్తి పాలన’ అని పరీక్షలో రాసేముందు ఇది గుర్తు తెచ్చుకోండి.

తగవు వస్తే?

పార్లమెంటరీ వ్యవస్థలో ప్రభుత్వానికీ సభకూ తగవు వస్తే దారి ఉంది. ప్రభుత్వం మారుతుంది, లేదా సభ రద్దయి ఎన్నికలొస్తాయి. అధ్యక్ష తరహాలో ఆ దారి లేదు. అధ్యక్షుడినీ ప్రజలే ఎన్నుకున్నారు, సభనూ ప్రజలే ఎన్నుకున్నారు. ఇద్దరూ ‘ప్రజలు నా వెనకే ఉన్నారు’ అంటారు, ఇద్దరి మాటా నిజమే. గడువు తీరేదాకా ఒకరినొకరు కదిలించలేరు. హువాన్ లింజ్ అనే రాజనీతి శాస్త్రవేత్త 1990లో ఈ చిక్కునే ఎత్తి చూపాడు.

ఈ చిక్కుకు చిన్న రూపం అమెరికా ప్రభుత్వ ‘షట్‌డౌన్’. సరిహద్దు గోడకు డబ్బు విషయంలో అధ్యక్షుడికీ కాంగ్రెస్‌కూ కుదరక 2018 డిసెంబర్ 22 నుంచి 2019 జనవరి 25 దాకా 35 రోజులు అనేక ప్రభుత్వ శాఖలు మూతపడ్డాయి, ఉద్యోగులకు జీతాలు ఆగిపోయాయి. పెద్ద రూపం చిలీ. 1970లో సాల్వడార్ అయెండె 36 శాతం పైచిలుకు ఓట్లతో అధ్యక్షుడయ్యారు. కాంగ్రెస్‌లో ఆయన కూటమికి మెజారిటీ లేదు. ఆయన్ను తొలగించడానికి కావాల్సిన మూడింట రెండు వంతులు 1973 మార్చి ఎన్నికల్లో ప్రతిపక్షానికీ రాలేదు. గడువు 1976 దాకా ఉంది. 1973 సెప్టెంబర్ 11న సైన్యం కుట్ర చేసి అధికారం చేజిక్కించుకుంది. పినోచెట్ 1990 దాకా పాలించాడు. కుట్రకు ఆర్థిక సంక్షోభం, అమెరికా జోక్యం, సైన్యం ఆశలు, ఇలా కారణాలు చాలా ఉన్నాయి. రాజ్యాంగం ఒక్కటే కారణమని రాస్తే అది తప్పు. కానీ ప్రతిష్టంభన నుంచి చట్టబద్ధంగా బయటపడే దారి లేనప్పుడు చట్టం బయట నుంచి దారి చూపిస్తామనేవాళ్లకు మాట దొరుకుతుందని చిలీ చూపించింది.

అధ్యక్ష తరహా అంతటా ఇలాగే ముగియదు. దక్షిణ కొరియాలో 2024 డిసెంబర్ 3 రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్ యోల్ మార్షల్ లా ప్రకటించారు. సైనికులు పార్లమెంటు భవనంలోకి చొరబడుతుండగానే సభ్యులు లోపలికి చేరుకుని, తెల్లవారకముందే 190–0తో దాన్ని ఎత్తేయాలని తీర్మానించారు. అదే నెల 14న అభిశంసన, 2025 ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఏకగ్రీవ తీర్పుతో తొలగింపు. ఇందులో గమనించాల్సింది, తుది నిర్ణయం కోర్టుది. అమెరికాలో అది రాజకీయ సభ అయిన సెనేట్‌ది. మీరు అధ్యక్ష తరహా ఎంచుకుంటే దించే తాళంచెవి ఎవరి చేతికి ఇస్తున్నారో విడిగా ఒక పేరా రాయాల్సిందే.

రెండూ కలిపితే?

‘రెంటిలోని మంచీ తీసుకుందాం’ అంటూ ఫ్రాన్స్ తరహాను ఎంచుకునే విద్యార్థులు ఎక్కువ. ప్రజలు నేరుగా ఎన్నుకునే అధ్యక్షుడు, సభకు జవాబు చెప్పే ప్రధాని, ఇద్దరూ ఉంటారు. ఇద్దరిదీ ఒకే పార్టీ అయితే అధ్యక్షుడికి తిరుగుండదు. వేర్వేరు పార్టీలైతే అధికారం చాలావరకు ప్రధాని వైపు జారుతుంది. ఫ్రాన్స్‌లో ఇలాంటి సహజీవనం 1986–88, 1993–95, 1997–2002 మధ్య మూడుసార్లు నడిచింది. 2000లో రెఫరెండం ద్వారా అధ్యక్షుడి గడువును ఏడేళ్ల నుంచి ఐదేళ్లకు, అంటే సభ గడువుతో సమానంగా తగ్గించుకున్నారు. జర్మనీలో వైమార్ రాజ్యాంగం (1919) కూడా ఈ కోవలోదే. సభలో మెజారిటీ కుదరనప్పుడల్లా అధ్యక్షుడు 48వ అధికరణ కింద అత్యవసర ఆజ్ఞలతో పాలించడం అలవాటైంది. 1933 జనవరి 30న హిట్లర్‌ను ఛాన్సలర్‌గా నియమించింది అధ్యక్షుడు హిండెన్‌బర్గే. పార్టీలు బలంగా, కోర్టులు నిలకడగా ఉన్నచోట తప్ప ఈ కలగలుపును నేను సిఫార్సు చేయను.

నాకు బాగా నచ్చిన ఏర్పాటు వైమార్ అనుభవం నుంచి పుట్టింది. పశ్చిమ జర్మనీ 1949 రాజ్యాంగంలోని 67వ అధికరణ ప్రకారం ఛాన్సలర్‌ను ఊరికే దించడానికి వీల్లేదు. ఆయన స్థానంలో ఎవరో అదే ఓటుతో ఎన్నుకోవాలి. కూల్చడానికి కలిసివచ్చి, నడపడానికి విడిపోయే కూటములకు ఇది అడ్డుకట్ట. 1972లో విలీ బ్రాంట్ మీద ప్రయోగిస్తే రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది. 1982 అక్టోబర్ 1న హెల్ముట్ ష్మిట్ దిగిపోయి హెల్ముట్ కోల్ వచ్చింది ఈ దారినే. స్పెయిన్‌లో 2018లో రహోయ్ బదులు సాంచెజ్ ప్రధాని అయిందీ ఇలాగే. ఎవరూ కదపలేని గడువుకూ, ఎప్పుడు పడుతుందో తెలియని ప్రభుత్వానికీ మధ్య ఇంతకన్నా మంచి సర్దుబాటు నాకు కనిపించలేదు.

ఎన్నికల పద్ధతిని మరవొద్దు

వ్యవస్థ మీద పది పేజీలు రాసి, ఓట్లను సీట్లుగా ఎలా మారుస్తారన్న దాని గురించి ఒక్క వాక్యంతో సరిపెట్టే జవాబులు చూస్తే బాధేస్తుంది. సగం ఫలితం అక్కడే తేలుతుంది. నియోజకవర్గంలో ఎక్కువ ఓట్లు వచ్చినవారే విజేత అన్న పద్ధతిలో 2024లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ 34 శాతానికి కాస్త తక్కువ ఓట్లతో 650లో 411 సీట్లు గెలిచింది. 14 శాతం ఓట్లు వచ్చిన రిఫార్మ్ పార్టీకి దక్కినవి 5. న్యూజిలాండ్‌లో 1978లో, 1981లో కూడా ఎక్కువ ఓట్లు వచ్చిన పార్టీ ప్రతిపక్షంలో కూర్చుంది. 1981లోనే మరో పార్టీకి 20 శాతం పైగా ఓట్లు వస్తే దక్కిన సీట్లు 92లో రెండు. ప్రజల్లో అసంతృప్తి పెరిగి 1993 రెఫరెండంలో పద్ధతి మార్చుకున్నారు. 1996 నుంచి జర్మనీలోలాగా నియోజకవర్గాలూ, ఓట్ల వాటాను బట్టి పార్టీలకు సీట్లిచ్చే దామాషా జాబితా కలిపి వాడుతున్నారు.

దామాషాకూ మూల్యం ఉంది. చిన్న పార్టీలకు సీట్లొస్తాయి, సంకీర్ణం తప్పదు, ఎవరు పాలిస్తారన్నది పోలింగ్ తర్వాత బేరాల్లో తేలుతుంది. బెల్జియంలో 2010 ఎన్నికల తర్వాత కొత్త ప్రభుత్వం ఏర్పడటానికి 541 రోజులు పట్టింది. ఇజ్రాయెల్ 2019 నుంచి 2022 దాకా ఐదుసార్లు ఎన్నికలకు వెళ్లింది. జర్మనీ ఐదు శాతం ఓట్ల గీత (అంతకన్నా తక్కువ వచ్చిన పార్టీకి మామూలుగా దామాషా సీట్లు దక్కవు) పెట్టుకున్నది ఇలాంటి చీలికల భయంతోనే. అధ్యక్ష తరహాతో దామాషా కలిపేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి: సభలో తన పార్టీకి ఐదో వంతు సీట్లే ఉన్న అధ్యక్షుడు ప్రతి బిల్లుకూ మద్దతు కొనుక్కోవాల్సి వస్తుంది.

భావజాలం ఎక్కడ వస్తుంది?

ఉదారవాదం, సామ్యవాదం, సంప్రదాయవాదం అని విడివిడిగా నిర్వచనాలు బట్టీ పట్టడం కన్నా, ఎవరికి దేనంటే భయమో అడిగితే త్వరగా అర్థమవుతాయి. ఉదారవాదికి భయం రాజ్యం చేతిలో పోగుపడే అధికారం. సామ్యవాదికి సంపద చేతిలో పోగుపడే అధికారం. సంప్రదాయవాదికి తరాలుగా నిలిచినదాన్ని ఒక్క ఊపులో పడగొట్టే తొందరపాటు. రాజ్యం అంటే భయపడేవారు వీటోలు, రెండు సభలు, బలమైన కోర్టులు కోరుకుంటారు. త్వరగా మార్పు తేవాలనేవారికి అవే అడ్డుగోడలు.

బ్రిటన్‌లో 1945లో గెలిచిన లేబర్ ప్రభుత్వం మూడేళ్లు తిరక్కుండానే, 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టగలిగింది. అదే 1945లో అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ ఆరోగ్య బీమా ప్రతిపాదిస్తే కాంగ్రెస్‌లో ఆగిపోయింది. వృద్ధులకు మెడికేర్ రావడానికే 1965 పట్టింది. సామ్యవాద విద్యార్థి ఇక్కడ పార్లమెంటరీ పద్ధతే మేలంటాడు. కానీ అదే యంత్రాంగంతో 1980లలో థాచర్ ప్రభుత్వ సంస్థలను అంతే వేగంగా ప్రైవేటుపరం చేసింది. మీ విధానం కోసం వ్యవస్థను ఎంచుకుంటే, ఎదుటి పక్షం గెలిచిన రోజున అదే వ్యవస్థ వాళ్లదవుతుంది.

రాష్ట్రాల అధికారాలకు రాజ్యాంగమే హామీ ఇచ్చే సమాఖ్యా, అధికారమంతా కేంద్రం నుంచే వచ్చే ఏకకేంద్రమా అన్న ప్రశ్నను ఈ భయాలతోనే తేల్చవచ్చు. దేశంలో ఒక ప్రాంతం, ఒక భాష ఎప్పటికీ జాతీయ మెజారిటీ కాలేకపోతే సమాఖ్య కావాలి. ఎందుకంటే కేంద్రం ఇచ్చిన అధికారాన్ని కేంద్రం తీసేసుకోగలదు. 1986లో బ్రిటన్ పార్లమెంటు గ్రేటర్ లండన్ కౌన్సిల్‌నే రద్దు చేసింది. సమాఖ్యలో ఓటు విలువ మాత్రం కాస్త దెబ్బతింటుంది. దాదాపు 4 కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ, 6 లక్షల లోపు ఉన్న వయోమింగ్‌కూ సెనేట్‌లో చెరో రెండు సీట్లే.

ఇక ఎంపిక

పార్టీలు ఇంకా కుదురుకోని, సైన్యం రాజకీయాల వైపు చూసే కొత్త దేశానికైతే నేను పార్లమెంటరీ పద్ధతినే, జర్మనీ తరహా అవిశ్వాస నిబంధనతో, ఐదు శాతం గీత ఉన్న దామాషాతో ఎంచుకుంటాను. ఒక్క మనిషి చేతికి కదపలేని గడువు ఇవ్వడం అక్కడ అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఒకే పార్టీ తరాల తరబడి గెలుస్తూ సభను రబ్బరు స్టాంపుగా మార్చేసిన దేశమైతే నా ఆలోచన మారుతుంది. అక్కడ విడిగా ఎన్నికైన, ప్రధాని దయ మీద ఆధారపడని సభ కావాలి; అందుకు అధ్యక్ష తరహా పనికొస్తుంది, అభిశంసనపై తుది మాట కోర్టుకు ఇస్తే. లోతుగా చీలిన సమాజానికి స్విట్జర్లాండ్ వైపు చూడమంటాను. అక్కడ ఏడుగురు సభ్యుల మండలిని పార్లమెంటు నాలుగేళ్లకు ఎన్నుకుంటుంది, అధ్యక్ష పదవి ఏటా చేతులు మారుతుంది, పెద్ద పార్టీలన్నిటికీ మండలిలో చోటు ఉంటుంది. నిర్ణయాలు నెమ్మదిగా జరుగుతాయి. మహిళలకు సమాఖ్య స్థాయిలో ఓటు హక్కు రావడానికి 1971 దాకా పట్టిందని ఆ నెమ్మదితనం పక్కనే రాసుకోండి.

ఏది ఎంచుకున్నా ముసాయిదాలో మరో నిబంధన చేర్చండి: ఎన్నికల పద్ధతిని ఎప్పుడు, ఎవరు సమీక్షించాలో. గెలిచిన పార్టీకి తనను గెలిపించిన పద్ధతిని మార్చాలని సాధారణంగా అనిపించదు కాబట్టి ఆ పని సభకే వదిలేయకూడదు. న్యూజిలాండ్ 2011లో తన కొత్త పద్ధతిని మళ్లీ రెఫరెండానికి పెట్టింది. అప్పటికి ఆ పద్ధతిలో ఐదు ఎన్నికలు చూసిన ఓటర్లలో దాదాపు 58 శాతం దాన్నే కొనసాగించమన్నారు.